సముద్రం పక్క ఊళ్ళలో మా భోజనాలు
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బడి జ్ఞాపకాలు అందరూ చెప్తారు, నువ్వు మాత్రం మొన్న నలుగురు కలిసి తిరిగొచ్చిన సముద్రం సంగతి చెప్పు అని నిర్వాహకులు నన్ను అడిగారు. భోజనాలకు అరగంట ముందు తిండి గురించి మాట్లాడమనడం శ్రోతలకు చేసే అన్యాయమే. అయినా చెప్తాను, వెనక వంటవాళ్ళ దగ్గర నుంచి వాసన వస్తుంటే మీరే సర్దుకోండి.

మన కొండగట్టు నుంచి సముద్రం ముక్కుసూటిగా కొలిచినా 300 కిలోమీటర్లకు పైనే. మన చిన్నప్పుడు సముద్రం మన దగ్గరికి వచ్చేది గానీ, ఎండిపోయి వచ్చేది. అంగట్లో గోనెసంచి మీద పోసిన ఎండురొయ్యలు, మెత్తళ్ళు, పక్కన రాళ్ళ ఉప్పు. వానకాలం కూరగాయలు దొరకని రోజు మా అమ్మ గుప్పెడు ఎండురొయ్యలు వేయించి, టమాటలో వేసి వండితే వాడకట్టు మొత్తానికి తెలిసేది. అంజన్న దగ్గర కొట్టే కొబ్బరికాయ ఎక్కడిదని గుట్ట కింది దుకాణంలో అడిగితే ‘కోనసీమది’ అనేవాడు. కోనసీమ ఎక్కడుందో మనకు తెలియదు. కొబ్బరి చిప్ప చేతిలోకి రాగానే కోతి ఎత్తుకపోకుండా చూసుకోవడమే మన భూగోళం.

పుస్తకంలో మాత్రం 974 కిలోమీటర్ల తీరం అని బట్టీ పట్టాం. ఈమధ్య తిరిగి కొలిస్తే వెయ్యి దాటిందట. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఇంటింటికీ తిరిగి పాత బట్టలు, బియ్యం జమచేశాం. సముద్రం ఊళ్ళ మీదికి వస్తుందని అప్పుడు తెలిసింది. అదొక్కటే మా మనసులో మిగిలిన సముద్రం.

తర్వాత సగం బ్యాచి సముద్రం చూసింది, కానీ బొంబాయిలో. గల్ఫ్ వీసా కోసం ఏజెంటు గదిలో పదిహేను రోజులు పడుకుని, ఒక సాయంత్రం చౌపాటీకి పోయి చూసింది. జగిత్యాల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇదే కథ, ఈ సభలో చెప్పనక్కర లేదు. మా నలుగురిలో ఒకడు షార్జాలో 22 ఏండ్లు సెంట్రింగు పని చేసి వచ్చాడు. ‘నాకు సముద్రం చూపెడ్తరారా మీరు? ఇరవై రెండేండ్లు దాని పక్కన్నే పన్న’ అన్నాడు బయలుదేరే ముందు. వీడి సంగతి మళ్ళీ చెప్తాను.

దసరా పోయాక, దీపావళికి ముందు, ఒక బుధవారం పొద్దున కారులో బయలుదేరాం. బుధవారమే ఎందుకంటే, అంజన్న గుట్ట కింద పుట్టినవాళ్ళం, మంగళవారం, శనివారం నీసు ముట్టం. ఒక్క శనివారం మాత్రమే అడ్డం వచ్చేట్టు లెక్క వేసుకున్నాం. డిక్కీలో సద్ది ఎంతుందో చెప్తే నవ్వుతారు. డబ్బాడు సకినాలు, రెండు డబ్బాల సర్వపిండి, మామిడికాయ తొక్కు, కారంపొడి, నాలుగు కిలోల బియ్యం, చిన్న గ్యాసు పొయ్యి. మాలో ఒకడికి బయటి తిండి అంటే భయం. ‘ఆడ కూరల బెల్లమేస్తరు’ అని వాడి వాదన.

మన జూనియరు ఒకాయన టూరు వాళ్ళతో ఇటలీ పోయి వచ్చాడు. నేపుల్స్ దిగువన కొండ అంచున, కింద సముద్రం, ఫోటోలు చూస్తే కండ్లు చెదిరిపోయాయి. అక్కడ ఏం తిన్నావు తమ్మీ అని అడిగితే, ‘రోజూ బస్సు ఇండియన్ హోటలు దగ్గర ఆపిండ్రు అన్నా, పప్పు, పనీరు’ అన్నాడు. అదే తీరంలో చేతారా అని ఒక చిన్న ఊరుంది. నెత్తళ్ళను ఉప్పుతో పొరలుగా చెక్క పీపాల్లో నెలల తరబడి మాగబెట్టి, కారిన రసాన్ని సీసాల్లో పట్టి, ఉడికించిన సేమ్యా లాంటి దాని మీద నాలుగు చుక్కలు వేసుకుంటారు. నెత్తళ్ళంటే మన అంగడి మెత్తళ్ళే. అంత దూరం పోయి మనోడు దాని ముందు నుంచి పప్పు తినుకుంటూ వచ్చాడు. ఆ మాట విన్నాకే నేను గ్యాసు పొయ్యి దింపేయమన్నాను. బియ్యం కూడా దింపాం. సర్వపిండి మాత్రం వాడు దించనియ్యలేదు. అది మంచికే వచ్చింది.

సాయంత్రానికి బందరు. మచిలీపట్నం అని బోర్డుల మీద రాస్తారు, నోటితో బందరే. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు ఇదే. అంటే ఒకప్పుడు మనకూ ఒక సముద్రం ఉండేది. 1766లో నిజాం ఉత్తర సర్కారులను ఇంగ్లీషు వాళ్ళకు వదిలేశాక పోయింది. ఈ మాట సోషల్ సారు చెప్పే ఉంటారు, నేనే వెనక బెంచీలో ఉన్నాను.

అక్కడి తొక్కుడు లడ్డు ఎట్లా చేస్తారో నిలబడి చూశాం. సెనగపిండిని కారప్పూసలా నూనెలో వేస్తారు, ఉప్పూ కారం లేకుండా. దాన్ని రోట్లో వేసి దంచి, జల్లెడ పట్టి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచుతారు. దంచీ దంచీ నెయ్యి పోసి ఉండ కడతారు. పేరు అందుకే తొక్కుడు లడ్డు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దగ్గర లడ్డు అంటే బూందీ పలుకు పంటికి తగలాలి. ఇది నాలుక మీద పెడితే పలుకే లేదు, కరిగిపోతుంది. నలుగురిలో ముగ్గురికి షుగరు. ఒక లడ్డును నాలుగు ముక్కలు చేసుకున్నాం. తర్వాత ఇంకొకటి.

గురువారం నరసాపురం. అక్కడి నుంచి సఖినేటిపల్లి రేవుకు కారును పంటు మీద ఎక్కించి వశిష్ఠ గోదావరి దాటాం. నీళ్ళ మీద కారులో కూర్చోవడం అరవై దాటిన మనిషికి కూడా పిల్లల ఆటలాగే ఉంటుంది. అవతల అంతర్వేది. అక్కడ లక్ష్మీనరసింహస్వామి, గోదావరి సముద్రంలో కలిసే చోట. మన ధర్మపురిలో కూడా లక్ష్మీనరసింహస్వామే, అదే గోదావరి ఒడ్డున. పుష్కరాలకు మనం ధర్మపురిలో మునిగిన నీళ్ళు ఇక్కడికి వస్తాయి కదా అని మా వాడొకడు చెంబుతో నెత్తిన పోసుకున్నాడు.

అయితే పైకి వెళ్ళనిది ఒకటుంది. పులస. వానకాలంలో ఎర్రనీళ్ళు సముద్రంలోకి రాగానే, అంతదాకా విలస అనిపించుకునే చేప గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కుతుంది. మంచినీళ్ళలో ఈదుతూ ఈదుతూ ఒంట్లోని ఉప్పుతనం పోయి పులస అవుతుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్టకు తల కొట్టుకుని ఆగిపోతుంది. కాటన్ దొర 1852లో కట్ట పూర్తి చేసి డెల్టాకు అన్నం పెట్టాడు, ఆ ప్రాంతం ఆయన బొమ్మకు దండలు వేస్తుంది, వేయాల్సిందే. కానీ ధర్మపురి గోదావరిలో బొచ్చె, రవ్వ, కొర్రమట్ట తప్ప పులస అనే మాట మనకు తెలియకపోవడానికి ఆ కట్ట కూడా ఒక కారణం. పుస్తెలమ్మైనా పులస తినాలి అని అక్కడి సామెత. పుస్తెలు అమ్మడానికి మేము వెంట ఎవరినీ తీసుకుపోలేదు. పైగా కాలం దాటింది. హోటలాయన ‘అయిపోయిందండి బాబూ, వచ్చే శ్రావణానికి రండి’ అన్నాడు. ఫ్రిజ్‌లో పెట్టింది ఉందని ఇంకొకడు చెప్పాడు గానీ మేము ఒప్పుకోలేదు. కాలం కాని చేప తినడానికి అంత దూరం పోవడం ఎందుకు, కరీంనగర్‌లోనే ఐసు పెట్టెలు కావలసినన్ని ఉన్నాయి.

‘మరి ఇవాళ ఏం వచ్చింది?’ అని అడిగాను. నాకు తెలిసి తీరం ఊళ్ళలో అడగాల్సిన ప్రశ్న ఇదే. మన హోటళ్ళలో ‘ఏమున్నయి?’ అని అడుగుతాం, అతను రాసిపెట్టింది చదువుతాడు. అక్కడ ‘ఏం వచ్చింది?’ అని అడిగితే మనిషి ముఖం మారుతుంది. మండపీతలు వచ్చాయన్నాడు. ఒక్కో పీత అరచేయంత. పులుసులో ఉడికి ఎర్రగా వచ్చింది. ఎట్లా తినాలో ఎవరికీ తెలియదు. హోటలాయన భార్య వచ్చి, ‘అన్నయ్యగారూ, ముందు కాళ్ళు విరవండి, ఇదిగో ఇలా’ అని చూపించింది. చొక్కాలన్నీ పాడయ్యాయి. ఆ తిండికి ఒక గంట పట్టింది. మాటలు లేవు, పళ్ళ చప్పుడు తప్ప.

అక్కడే సర్వపిండి డబ్బా బయటికి వచ్చింది. ఆమెకు రెండు ముక్కలు పెట్టాం. మొదట మా దిబ్బరొట్టె లాంటిదేమో అనుకుంది. వాళ్ళది మినప్పిండితో బొద్దుగా, లోపల మెత్తగా ఉంటుంది. మనది బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి, గంజుకు లోపల వత్తి కాల్చింది. కరకరలాడించి, ‘ఇది ఎన్నాళ్ళు నిలవుంటుందండీ? మా వాళ్ళు వేటకెళ్ళేప్పుడు కట్టివ్వొచ్చు’ అంది. సద్దికి ఇంత మంచి మాట ఇంకెవరూ చెప్పలేదు. ఎట్లా చేయాలో మా వాడు ఇంటికి ఫోను చేసి వాళ్ళావిడతో మాట్లాడించాడు. ఇద్దరాడవాళ్ళు అరగంట మాట్లాడుకున్నారు.

శుక్రవారం కోనసీమ కొబ్బరితోటల మధ్య నుంచి యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళది. ఇప్పుడు పుదుచ్చేరి కిందిది. మా రాక వెనక నా రహస్యం ఒకటుంది, చీరమీను. దసరా, దీపావళి రోజుల్లో గోదావరి సముద్రంలో కలిసే చోట కొద్ది రోజులే దొరికే పిల్ల చేప. చూడటానికి తడిపిన సేమ్యా ముక్కల్లా ఉంటుంది. తూకం లేదు, కొలతే. గ్లాసుతో, డబ్బాతో, బకెట్టుతో. పాత చీరలతో పట్టేవాళ్ళు కాబట్టి ఆ పేరని అమ్మే ఆమె చెప్పింది. ధర వింటే తల తిరిగింది. బేరమాడితే ‘రేపుండదు బాబూ’ అంది, అంతే. ఒక గ్లాసు కొని, బస చేసిన ఇంటి ఆమెకు ఇస్తే, నాలుగైదు నీళ్ళలో కడిగి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొంచెం పులుపు వేసి పొరుటులా చేసి ఇచ్చింది. ముల్లు లేదు, తల లేదు. చేప వాసన ఉంది గానీ చేప లేదన్నట్టు ఉంది. నా మటుకు నాకు బాగుంది గానీ, ఆ ధరకు మళ్ళీ కొనను. పిల్లగా ఉండగానే ఇంత పట్టేస్తే పెద్దయ్యేవి ఎన్ని మిగులుతాయన్న ఆలోచన కూడా తింటున్నంతసేపూ పోలేదు.

శనివారం కాకినాడ. నీసు లేదు. సుబ్బయ్యగారి హోటలుకు పోయాం, అక్కడ ఆకు మీద శాకాహార భోజనం. వడ్డించేవాళ్ళు ఆకు మీద ఖాళీ కనబడితే ఊరుకోరు. చేయి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి వేస్తారు. మా బెల్లం భయస్తుడు ముక్కల పులుసు నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు. తియ్యగా ఉంది. నేను, ‘మీ ఇంట్ల పచ్చిపులుసుల బెల్లం ముక్క ఎవలు ఏసేది?’ అన్నాను. వాడేమీ అనకుండా ఇంకో గరిటె పోయించుకున్నాడు. ఆ రోజు అసలు రుచి ఆవ పెట్టిన కంద బచ్చలి కూరది. కందగడ్డ, బచ్చలాకు కలిపి ఉడికించి, నూరిన ఆవపిండి చివరలో కలుపుతారు. ముక్కులోకి ఎక్కుతుంది. మన దగ్గర ఆవాలు పోపు గింజలే, వాటికి ఇంత పొగరు ఉందని తెలియదు. కాజా సంగతి అందరికీ తెలిసిందే. మడతకాజా తాపేశ్వరానిది, లోపల పాకం నిండిన గొట్టం కాజా కాకినాడది, కోటయ్య పేరుతో. రెండింటినీ కలిపి కాకినాడ కాజా అంటే అక్కడివాళ్ళు సరిదిద్దుతారు.

ఆదివారం తెల్లవారుజామున ఉప్పాడ. దారి పక్కనే సముద్రం, ఇండ్ల గోడలను కోస్తూ ఉంది. రాళ్ళు పోసిన దారి కూడా అక్కడక్కడా కుంగింది. మేము నిన్న కాజాలు తింటూ మాట్లాడుకున్న సముద్రం ఇది కాదనిపించింది. ఇండ్లు పోయినవాళ్ళే పొద్దున పడవలు తోస్తున్నారు.

పడవలు వచ్చాయి. ఆడవాళ్ళు చుట్టూ చేరి వేలం పాడుతున్నారు. మా షార్జా మిత్రుడు ముందుకు పోయి ఒక పెద్ద చేప మీద చేయి వేసి, ‘కన్నద్’ అన్నాడు. ఆమె వాడి వైపు వింతగా చూసి, ‘వంజరం’ అంది. ‘మా దగ్గర కన్నద్ అంటరమ్మా’ అన్నాడు వాడు. మా దగ్గర అంటే కొండగట్టు కాదు, షార్జా. ఇంకొకటి చూపించి, ‘హమ్మూర్’ అన్నాడు. అట్లా వరుసగా పేర్లన్నీ అరబ్బీలో చెప్పాడు. మేము నోరు తెరిచాం. శుక్రవారం సెలవు రోజు క్యాంపు వాళ్ళంతా చేపల మార్కెటు చూడటానికి పోయేవాళ్ళట. ‘మస్తు తిన్నవ్ కదరా అయితే’ అని నేనన్నాను.

‘తిన్నదెక్కడ?’ అన్నాడు. ‘ఒక కన్నద్ అంటే ఇంటికాడ ఎన్ని రూపాయలు అయితదో లెక్క ఏస్తుంటి. రూముల పది మందిమి. ఖుబూసు, పప్పు. పండుగకు కోడి. చేప పేర్లు మాత్రం అన్నీ నేర్సుకున్న.’

వాడు ఆ వంజరాన్ని వేలంలో పాడాడు. రెండు సార్లు ఆమె పెంచింది, మూడోసారి వాడికే వదిలేసింది. ఎంతకు అన్నది ఇక్కడ చెప్పను, వాళ్ళావిడ సభలో ఉంది. దారి పక్క పూరింటి హోటల్లో ముక్కలు కోయించి, సగం వేపుడు, సగం పులుసు చేయించాం. ఆమె పులుసు దాకను పక్కన పెట్టి, ‘ఇది రేపటికి బాగుంటుందండి, ఇవాళ తినకండి. నిన్నటిది ఉంది, అది పెడతాను’ అంది. తాజా చేప కోసం అంత దూరం వచ్చినవాళ్ళకు నిన్నటి పులుసు పెట్టింది. అదే సరైంది. చింతపండు ముక్క లోపలికి దిగి, మెంతుల వాసనతో, నూనె పైకి తేలి ఉంది. మా మిత్రుడు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మధ్యలో లేచి బయటికి పోయి కాసేపు నిలబడి వచ్చాడు. ఎందుకని మేము అడగలేదు.

పోదలచుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. పిల్లలకు వేసవి సెలవులని అప్పుడు పోతే మీకు దొరికేది ఎక్కువగా చెరువు చేప, ఐసు చేప. రొయ్య పెద్దగా, ఒకే కొలతలో ఉందంటే అది చాలా వరకు చెరువులో పెంచిన వనామీ. 2009 నుంచి మన దేశంలో పెంచుతున్నారు, అమెరికా పసిఫిక్ తీరపు జాతి. తప్పేమీ లేదు, తినండి, కానీ సముద్రం రొయ్య అనుకుని డబ్బు పెట్టకండి. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా కూర్చోండి, రెండు దాటితే మంచివి ఉండవు. పీతలు, రొయ్యలు అందరి ఒంటికీ పడవు, మొదటిసారి తినేవాళ్ళు కొంచెమే తినండి. సద్ది తీసుకుపోండి, కానీ తినడానికి కాకుండా పెట్టడానికి.

ఈసారి నెల్లూరు వైపు. అక్కడి చేపల పులుసులో పుల్ల మామిడికాయ వేస్తారు. మామిడికాయ కాయాలి, నిషేధం మొదలు కాకూడదు, కాబట్టి మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పోవాలి. మళ్ళీ బుధవారమే బయలుదేరుతాం. ఈసారి ఏడు సీట్ల బండి మాట్లాడుతున్నాం, రెండు సీట్లు ఖాళీ. వచ్చేవాళ్ళు భోజనాల దగ్గర నాకు పేరు ఇవ్వండి. సర్వపిండి ఎవరింటి నుంచి అన్నది కూడా అప్పుడే తేల్చుకుందాం.